కొండల్లో మెటర్నిటీ షూట్: లొకేషన్ కన్నా ముందు చూసుకోవాల్సినవి

నేను గండిమైసమ్మలో ఫొటో స్టూడియో నడుపుతాను. ఈ మధ్య స్టూడియోకి వచ్చే జంటలు అడిగేది ఒకటే: "అన్నా, అనంతగిరిలో మెటర్నిటీ షూట్ చేద్దామా?" చేద్దాం. కాకపోతే ప్రీ వెడ్డింగ్ షూట్ లెక్క వేరు, దీని లెక్క వేరు. ఇక్కడ ప్లాన్ మొత్తం ఆమె ఒంటిని చూసి వేయాలి. ఒక్కొక్కటిగా చెప్తాను.

ముందు టైమ్. 28 నుంచి 32 వారాల మధ్య బాగుంటుంది. పొట్ట చక్కగా కనిపిస్తుంది, కాస్త నడవగలుగుతారు కూడా. మన ఇళ్లల్లో ఏడో నెలలో సీమంతం చేస్తారు కదా, దాదాపు అదే సమయం. అలాగని సీమంతం మర్నాడే పెట్టుకోకండి, అలసట మొహంలో తెలిసిపోతుంది. సీజన్ అంటే నవంబర్ నుంచి ఫిబ్రవరి. వానాకాలంలో కొండ పచ్చగా ఉంటుంది, కానీ రాళ్ల మీద పాచి. జారితే ఏ ఫొటో దానికి సాటి రాదు.

తర్వాత డాక్టర్. డేట్ ఫిక్స్ చేసేముందే అడగండి. మాయ కిందికి ఉన్నా, బీపీ ఉన్నా, బ్లీడింగ్ అయినా, ముందు కాన్పు నెలలు నిండకుండా జరిగినా, ప్రయాణం వద్దనొచ్చు. ఇంకో మాట: 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే సగానికి పైనే. నాలుగు మెట్లెక్కితే ఆయాసం వచ్చే మనిషిని వ్యూ పాయింట్ దాకా నడిపించొద్దు. కారు ఆగే చోటికి దగ్గర్లోనే స్పాట్ చూసుకోండి.

ఇప్పుడు ఏ కొండ? అనంతగిరి మూసీ పుట్టిన చోటు, అందంగా ఉంటుంది. కానీ గండిమైసమ్మ నుంచి ఔటర్ ఎక్కి, చేవెళ్ల మీదుగా పోతే రెండు గంటలకు తక్కువ కాదు. గంటకోసారి ఆపి, దిగి నాలుగడుగులు వేయనివ్వాలి. సీటు బెల్టు పొట్ట మీద కాకుండా, పొట్ట కిందుగా పెట్టాలి. వాష్‌రూమ్ ఎక్కడుందో ముందే చూసుకోవాలి. ఆసుపత్రులు కొండ దగ్గర్లోని వికారాబాద్ పట్టణంలో ఉన్నాయి, ఆ నంబర్లు ఫోన్‌లో పెట్టుకోండి. అంత దూరం వద్దనుకుంటే మన రోడ్డు మీదే నర్సాపూర్ అడవి ఉంది. చెట్లు, చిన్న ఘాట్, అదే సాయంత్రం వెలుతురు. కోతులుంటాయి, తినేవి బయటికి తీయకండి. రెండు చోట్లా అడవి లోపల షూట్ అంటే అటవీ శాఖ పర్మిషన్ ముందే అడగాలి.

డ్రోన్ సంగతి. దుండిగల్‌లో ఎయిర్ ఫోర్స్ అకాడమీ ఉంది. మన ఏరియాలో సరదాగా కూడా ఎగరేయొద్దు. వేరే చోటైతే డిజిటల్ స్కై మ్యాప్‌లో గ్రీన్ జోనా కాదా చూడండి.

వెలుతురు: డిసెంబర్‌లో పొద్దు ఆరు గంటల్లోపే గుంకుతుంది. నాలుగింటికల్లా అక్కడుంటే గంటన్నరలో పని అయిపోతుంది. రెండు డ్రెస్సులు చాలు. పొడవాటి గౌను కాళ్లకు అడ్డం పడుతుంది, నడిచేటప్పుడు ఒకరు ఎత్తి పట్టుకోవాలి. రాతి మీద వెల్లకిలా పడుకునే పోజు వద్దు. ఈ నెలల్లో అలా పడుకుంటే పెద్ద రక్తనాళం మీద బరువు పడి కళ్లు తిరగొచ్చు. కూర్చున్నవి, పక్కకు వాలినవి తీయండి.

బ్లీడింగ్, ఉమ్మనీరు కారడం, చూపు మసకబారేంత తలనొప్పి, ఆగి ఆగి వచ్చే నొప్పులు, బిడ్డ కదలిక తగ్గడం, వీటిలో ఏది కనిపించినా కెమెరా మూసేయండి. నేరుగా ఆసుపత్రికి వెళ్లండి, లేదంటే 108కి కాల్ చేయండి.

మొన్న ఒక వదినకు షూట్‌కి రెండు రోజుల ముందు బీపీ పెరిగింది. డాక్టర్ వద్దన్నారు. ఆమె భర్త అడ్వాన్స్ పోతుందేమోనని ఆలోచిస్తున్నాడు. ఫోన్ ఆమెకివ్వమన్నాను. "ఇంట్లోనే తీయండి అన్నా" అంది. బాల్కనీలో, వాళ్లమ్మ పూలు పెడుతుండగా తీశాం. ఆ ఇంట్లో ఇప్పుడు ఫ్రేమ్ కట్టి ఉన్నవి అవే.

కాబట్టి తమ్ముళ్లూ, బుకింగ్ మీరు చేయండి, కానీ వెళ్దామా వద్దా అన్నది ఆమెనడగండి. రీల్ చూసి ఆశపడింది మీరా, ఆమెనా? ఆ సంగతి తేలాకే నాకు ఫోన్ చేయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.