విరిగిన లోహం చెప్పే సాక్ష్యం: వ్యవసాయ యంత్రాలలో వైఫల్య విశ్లేషణ

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుండి హైటెక్ సిటీ అనగానే మనకు సాఫ్ట్‌వేర్ ఒక్కటే స్ఫురిస్తున్నది. అయితే మాదాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం ప్రాంతాల కార్యాలయాలలో పనిచేసే ఇంజనీర్లలో ఒక వర్గం వారి పని లోహంతో ముడివడి ఉన్నది. 1991లో ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్‌గా మొదలై నేడు సైయెంట్ అనే పేరుతో మాదాపూర్ కేంద్రంగా నడుస్తున్న సంస్థ విమాన ఇంజన్ల తయారీదారులకు రూపకల్పన సేవలు అందిస్తున్నది. ఒక భాగంపై ఎంత భారం పడుతుంది, ఏ మూలన ఒత్తిడి పోగుపడుతుంది, ఎంతకాలానికి పగులు పుట్టవచ్చు అనే అంశాలను ఇటువంటి కార్యాలయాలలో కంప్యూటర్లపై లెక్కిస్తారు.

ఇది భాగం విరగకముందు జరిగే పని. విరిగిన తరువాత ఆ ముక్కను చేతికి తీసుకొని, ఎందుకు విరిగిందో నిర్ధారించే శాస్త్రమే వైఫల్య విశ్లేషణ. ఈ పని చేసే నిపుణుడిని ఫోరెన్సిక్ మెటీరియల్స్ ఇంజనీరు అంటారు. బెంగళూరులోని జాతీయ వైమానిక ప్రయోగశాలలో ఇందుకొక ప్రత్యేక విభాగమే ఉన్నది. విమానాలకు అవసరమైన ఈ శాస్త్రం పొలంలో విరిగే రోటవేటర్ బ్లేడుకు ఎందుకు అవసరమో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఒకే లక్షణం, అనేక కారణాలు

కంది మొక్క వాడిపోయినప్పుడు అది నీటి ఎద్దడి కావచ్చు, వేరుకుళ్లు కావచ్చు, ఫ్యుజేరియం ఎండుతెగులు కావచ్చు. పైకి కనిపించే లక్షణం ఒక్కటే. కాండాన్ని నిలువుగా చీల్చి, లోపలి నాళాలలో గోధుమ లేదా నల్లని చారలు కనిపించినప్పుడు ఎండుతెగులుగా గుర్తిస్తాము. కారణం తెలియకుండా మందు పిచికారీ చేస్తే ఖర్చే తప్ప ఫలితం ఉండదు.

లోహం విషయమూ ఇంతే. 'విరిగింది' అన్నది లక్షణం మాత్రమే. కారణం విరిగిన ముఖంపై నమోదై ఉంటుంది. సాగి, వంగి, తెగిన భాగం ముఖం మసక బూడిద రంగులో పీచు పీచుగా ఉంటుంది. పెళుసుగా విరిగిన ముఖం వంపు లేకుండా, గింజ గింజగా మెరుస్తుంది. మూడవది 'లోహపు అలసట'. ఒక్క దెబ్బకు విరగని భాగం, అంతకన్నా తక్కువ భారం లక్షల సార్లు పడినప్పుడు సన్నని పగులుతో మొదలై క్రమంగా విరుగుతుంది. వేసవిలో చెరువు నీరు తగ్గుతూ ఒడ్డున వరుస గీతలు మిగిల్చినట్లు, పగులు ఆగుతూ సాగిన గీతలు ఆ ముఖంపై తరచుగా కనిపిస్తాయి. ఆ వంపు గీతలన్నీ ఏ బిందువు చుట్టూ ఏర్పడ్డాయో అదే పగులు పుట్టిన చోటు.

1842 మే 8న ఫ్రాన్స్‌లోని వెర్సాయ్ నుండి పారిస్ వెళ్తున్న రైలు ఇరుసు విరిగి ఘోర ప్రమాదం జరిగిన తరువాత ఈ అలసటపై శ్రద్ధ పెరిగింది. జర్మనీలో ఆగస్ట్ వోలర్ రైలు ఇరుసులపై ఏళ్ల తరబడి పరీక్షలు జరిపి, భారానికీ ఆవర్తనాల సంఖ్యకూ గల సంబంధాన్ని నిరూపించాడు. 1967 డిసెంబరు 15న అమెరికాలో ఒహాయో నదిపై సిల్వర్ బ్రిడ్జి కూలి 46 మంది మరణించినప్పుడు, పరిశోధకులు నదిలోని ముక్కలను వెలికితీసి, క్రమంలో పేర్చి, ఒక్క లోహపు కడ్డీ కంటిలోని చిన్న పగులు వద్ద కారణాన్ని పట్టుకున్నారు. అటు తరువాతనే ఆ దేశమంతటా వంతెనల క్రమబద్ధ తనిఖీ విధానం ఏర్పడింది.

రోటవేటర్ బ్లేడు ఉదాహరణ

రోటవేటర్ రోటరు నిమిషానికి సుమారు 200 సార్లు తిరుగుతుందనుకొంటే, ప్రతి బ్లేడు గంటకు 12,000 సార్లు నేలను తాకుతుంది. 100 గంటల పనిలో అది 12 లక్షల దెబ్బలు. కనుక అలసటకు బ్లేడు సహజ లక్ష్యం.

భారతీయ ప్రమాణం ఐఎస్ 6690 ప్రకారం బ్లేడు అంచు కాఠిన్యం రాక్‌వెల్ సి కొలమానంపై 56కు 3 అటూ ఇటూగా, బిగింపు కాడ కాఠిన్యం 37 నుండి 45 మధ్య ఉండాలి. అంచు త్వరగా అరగకూడదు కనుక అది గట్టిగా ఉండాలి. కాడ దెబ్బను తట్టుకోవాలి కనుక దానికి కొంత సాగే గుణం కావాలి. ఒకే ఉక్కు ముక్కలో ఈ రెండు గుణాలనూ ఉష్ణ చికిత్స ద్వారా, అంటే మన కమ్మరులు 'పదును పెట్టడం' అనే ప్రక్రియ ద్వారా, సాధిస్తారు. అంచుకు పదును చాలకపోతే బ్లేడు తొందరగా అరుగుతుంది. కాడకు పదును ఎక్కువైతే అది పెళుసై విరుగుతుంది.

కాడ వద్ద బ్లేడు విరిగినప్పుడు సాధారణంగా రెండు వాదాలు వినిపిస్తాయి. 'రాయి తగిలింది, తప్పు వాడకానిది' అని అమ్మకందారు, 'సరుకే నాసిరకం' అని రైతు. రెండూ సాధ్యమే. తీర్పు ముక్కలోనే ఉంటుంది. పగులు బోల్టు రంధ్రం అంచున మొదలై అలసట గీతలు కనిపిస్తే, నట్టు వదులై కాడ కదిలిందేమో చూడాలి. తయారీలో ఏర్పడిన మడత వద్ద మొదలైతే బాధ్యత తయారీదారు వైపు మొగ్గుతుంది. వెల్డింగ్ అంచున మొదలైతే కారణం మరమ్మతులో వెతకాలి. అలసట గీతలు లేకుండా ముఖం గింజ గింజగా మెరుస్తుంటే కాఠిన్యం కొలవాలి. కాడ కాఠిన్యం ప్రమాణ పరిమితిలో ఉంటే రాయి దెబ్బ వాదానికి బలం చేకూరుతుంది. 45కు మించి ఉంటే పదును తప్పిన వాదం నిలుస్తుంది.

పరిశీలన క్రమం

నిపుణుడు ముందుగా ముక్క చరిత్రను సేకరిస్తాడు: ఎన్ని గంటలు నడిచింది, ఏ నేలలో, ఎంత లోతున, ఇంతకుముందు మరమ్మతు జరిగిందా. తరువాత కంటితో, భూతద్దంతో, అవసరమైతే ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో ముఖాన్ని చదువుతాడు. కాఠిన్యం, రసాయన సంఘటన, అంతర్నిర్మాణ పరీక్షలు ఆ తరువాతి మెట్లు. ముక్కను కోయవలసిన పరీక్షలను చివరకు ఉంచడం ఈ వృత్తిలో మొదటి నియమం. ఆపై హైటెక్ సిటీ ఇంజనీర్లు చేసే తరహా ఒత్తిడి లెక్కలతో నిర్ధారణను సరిచూస్తారు. లెక్క, ముక్క ఒకే మాట చెప్పినప్పుడే నివేదిక నిలబడుతుంది.

రైతులు పాటించవలసినవి

సాక్ష్యం నశించేది ఎక్కువగా మొదటి రోజుననే. తొలకరి పదునులో ఒక్క రోజు ఆగినా విత్తే అదను తప్పుతుంది కనుక రైతు వెంటనే వెల్డింగ్ దుకాణానికి పరుగెత్తుతాడు. ఆ తొందర న్యాయమైనదే. కానీ అధిక కర్బనం గల ఉక్కును ముందుగా వేడిచేయకుండా వెల్డింగ్ చేస్తే, అతుకు పక్కన లోహం వేగంగా చల్లారి గాజులా పెళుసవుతుంది. విరిగిన ముఖం కరిగిపోయి సాక్ష్యమూ పోతుంది, బ్లేడు మరల విరిగే ప్రమాదమూ మిగులుతుంది. అందువలన కొత్త బ్లేడు బిగించి, పాత ముక్కను దాచడం మేలు.

1. రెండు ముక్కలనూ సేకరించి, విరిగిన ముఖాలకు ఫొటోలు తీయాలి.
2. ముక్కలను ఒకదానికొకటి ఆనించి చూడరాదు. రాపిడికి గుర్తులు చెరిగిపోతాయి.
3. ముఖాన్ని వైరు బ్రష్షుతో రుద్దరాదు, ఆమ్లంతో కడగరాదు.
4. తడి ఆరనిచ్చి, శుభ్రమైన పొడి గుడ్డలో విడివిడిగా చుట్టాలి.
5. కొనుగోలు బిల్లు, వాడిన గంటలు, విరిగిన తేదీ, నేల స్వభావం రాసి జతచేయాలి.

వివాదం వినియోగదారుల కమిషన్‌కు చేరినప్పుడు ఈ జాగ్రత్త విలువ తెలుస్తుంది. పరీక్ష లేనిదే లోపం తేలని సరుకు విషయంలో, నమూనాకు సీలు వేసి తగిన ప్రయోగశాలకు పంపే అధికారాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం జిల్లా కమిషన్‌కు ఇచ్చింది. ముక్క లేకపోతే పంపడానికి ఏమీ ఉండదు.

మన సంస్థల బాధ్యత

అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ యంత్రాలను పరీక్షించి నివేదికలు ఇస్తున్నది. ఆ నివేదికలు పరీక్షకు వచ్చిన యంత్రం గురించి చెబుతాయి. పొలంలో విరిగిన ముక్క గురించి చెప్పే ఏర్పాటు కూడా రైతుకు అందుబాటులో ఉండాలి. సంగారెడ్డి జిల్లా కందిలో వ్యవసాయ ఇంజనీరింగ్ కళాశాల, లోహశాస్త్ర విభాగం గల ఐఐటీ హైదరాబాద్ ఇరుగుపొరుగున ఉన్నాయి. రాయదుర్గంలో నమూనాల తయారీకి 2023లో ప్రారంభమైన టీ-వర్క్స్ ఉన్నది. తెగులు సోకిన మొక్కను కృషి విజ్ఞాన కేంద్రానికి తెచ్చినట్లే విరిగిన భాగాన్ని తెచ్చి ఇచ్చే వీలు కల్పించి, అక్కడి నుండి ఈ ప్రయోగశాలలకు పంపే క్రమాన్ని ఏర్పరిస్తే కొత్త భవనాల అవసరం లేదు. జిల్లాల వారీగా ఏ భాగం, ఏ నేలలో, ఏ కారణంతో విరుగుతున్నదో నమోదవుతూ పోతే, కొన్నేళ్లలో కొనుగోలు సిఫారసులకూ రాయితీ జాబితాలకూ అది ఆధారమవుతుంది. అంతవరకు విరిగిన ముక్కను పాత ఇనుము వ్యాపారికి ఇవ్వకుండా దాచి ఉంచడం రైతు చేతిలో ఉన్న పని.