ఆర్‌సీ స్కేల్ విమానానికి రంగు: ఏది వెయ్యాలి, ఎంత వెయ్యాలి

గత ఎపిసోడ్‌లో మన పైపర్ జె-3 కబ్‌కి గుడ్డ అంటించి, ఇస్త్రీతో బిగువు చెయ్యడం దాకా వచ్చాం. ఇవాళ రంగు సంగతి మాట్లాడుకుందాం. నన్ను ఎక్కువమంది అడిగేది "ఏ కంపెనీ పెయింట్ కొనాలండీ?" అని. నా లెక్కలో అది నాలుగో ప్రశ్న. మొదటిది, మీ విమానంలో ఏ ఇంజన్ ఉంది? రెండోది, రంగు దేనిమీద పడుతోంది? మూడోది, ఎన్ని గ్రాములు మోయగలదు? ఈ మూడూ తేల్చుకుని షాపుకి వెళ్తే డబ్బులూ మిగుల్తాయి, విమానమూ మిగుల్తుంది.

ముందు ఇంజన్. గ్లో ఇంజన్ అయితే దాని ఇంధనం మిథనాల్, ఆయిల్, చాలావాటిలో కొంచెం నైట్రోమీథేన్ కలిపిన మిశ్రమం. సైలెన్సర్ లోంచి వచ్చే ఆయిల్‌తో పాటు కాలని ఇంధనం కూడా బాడీ పక్కన అంతా పరుచుకుంటుంది. అది రంగుల్ని మెత్తబరుస్తుంది. హార్డ్‌వేర్ షాపులో దొరికే మామూలు స్ప్రే డబ్బా రంగు చాలావరకు దానికి ఆగదు. ఆదివారం ఎగరేసి వచ్చి తుడుస్తుంటే రంగు గుడ్డకి అంటుకుని వచ్చేస్తుంది. పెట్రోల్ ఇంజన్‌కి ఈ బాధ తక్కువ, కానీ లేదని అనుకోకండి. ఎలక్ట్రిక్ మోటార్ అయితే ఈ గొడవే లేదు, నీళ్ళతో కలిపే యాక్రిలిక్ రంగులు కూడా హాయిగా వాడుకోవచ్చు.

డబ్బా మీద ఏం రాసుందో నమ్మడం కంటే ఒక చిన్న పరీక్ష చేసుకోండి. మిగిలిపోయిన బాల్సా ముక్క మీద మీరు వెయ్యబోయే వరుసలోనే ప్రైమర్, రంగు, పైన క్లియర్ వేసి ఒక వారం ఆరనివ్వండి. తర్వాత మీ ఇంధనంలో ముంచిన దూది దానిమీద అరగంట పెట్టండి. తీసి గోరుతో గీయండి. గీత పడినా, జిగురుగా తగిలినా ఆ రంగు మనకి పనికిరాదు. వారం అని ఎందుకన్నానంటే, పైకి ఆరినట్టు ఉన్న రంగు లోపల ఇంకా గట్టిపడుతూనే ఉంటుంది. రెండోరోజే పరీక్ష చేస్తే మంచి రంగు కూడా ఫెయిల్ అవుతుంది.

గ్లో ఇంధనానికి బాగా ఆగేది హార్డెనర్ కలిపే పీయూ పెయింట్, అదే, కార్ల పెయింటింగ్ షెడ్లలో వాడేది. ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలండీ. ఆ హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. స్ప్రే చేసినప్పుడు ఆ తుంపర పీలిస్తే ఆస్తమా రావచ్చు. ఒకసారి శరీరానికి పడకుండా పోయిందంటే తర్వాత కొంచెం తగిలినా ఊపిరాడదు. ముక్కుకి కర్చీఫ్ కట్టుకోవడం, గుడ్డ మాస్క్ పెట్టుకోవడం దీనికి అసలు రక్షణే కాదు. సరైన ఏర్పాటున్న చోట బయటినుంచి గాలి అందించే మాస్క్ పెట్టుకుని, బూత్‌లో కొడతారు. ఇంట్లో, బాల్కనీలో, పక్కన పిల్లలు ఆడుకుంటుంటే ఈ పని చెయ్యొద్దు. నేనైతే అలాంటి బూత్ ఉన్న షాపుకే విమానం ఇచ్చేస్తాను. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పండి: "కారుకి కొట్టినంత మందం వద్దు." వాళ్ళ చెయ్యి కారుకి అలవాటు పడి ఉంటుంది కదా!

రెండో ప్రశ్న, దేనిమీద? థర్మాకోల్ మీద స్ప్రే డబ్బా కొడితే ఏమవుతుందో చాలామందికి తెలుసు, సాల్వెంట్ దాన్ని కరిగించేస్తుంది. ఫోమ్‌కి నీళ్ళ రంగులే. చెక్క షీట్ వేసిన విమానానికి పల్చటి ఫైబర్ గ్లాస్ గుడ్డ, అంటే చదరపు మీటరుకి 25 గ్రాములది, రెసిన్‌తో అంటించి దానిమీద ప్రైమర్ వెయ్యాలి. ఆ ప్రైమర్‌ని వాటర్ పేపర్‌తో మళ్ళీ చాలావరకు తీసేయాలి. ప్రైమర్ పని గుంటలు నింపడమే, పొరలా మిగలడం కాదు. మన కబ్‌ది గుడ్డ. గుడ్డ ఎండకీ చలికీ కదుల్తుంది, కాబట్టి దానిమీద గాజులా గట్టిపడే రంగు వేస్తే కొన్నాళ్ళకి పగుళ్ళు వస్తాయి. పీయూ అయితే సాగే గుణం కోసం కలిపే ఫ్లెక్స్ ఎడిటివ్ అడగండి.

ఇప్పుడు అసలు విషయం, బరువు. లెక్క వేసి చూపిస్తాను. నిజం కబ్ రెక్క 10.74 మీటర్లు. ఆరో వంతు స్కేల్‌లో మనది 1.79 మీటర్లు. రెక్క పైనా కిందా, బాడీ, తోక అన్నీ కలిపితే రంగు పడే జాగా సుమారు ఒకటిన్నర చదరపు మీటర్లు. ఆరిన తర్వాత ఒక పొర 25 మైక్రాన్లు ఉందనుకోండి, అంటే మిల్లీమీటర్‌లో నలభయ్యో వంతు. దాని బరువు దాదాపు 50 గ్రాములు వస్తుంది. మూడు పొరలు వేస్తే 150. "పోనీలే, అంతే కదా" అంటారేమో. ఎంత పడిందన్న దానికంటే ఎక్కడ పడిందన్నది ముఖ్యం.

తోక సీజీకి 75 సెంటీమీటర్ల వెనక ఉందనుకుందాం. ముందు మీరు సీసం పెట్టగలిగే చోటు సీజీకి 25 సెంటీమీటర్లే. తోకమీద పడ్డ ఒక్కో గ్రాముకి ముక్కులో మూడు గ్రాములు పెట్టాలన్నమాట. తోకకి 20 గ్రాముల రంగు ఎక్కువైతే ముక్కులో 60 గ్రాముల సీసం, మొత్తం 80 గ్రాములు ఎక్కినట్టు. ఆ సీసం పెట్టకుండా ఎగరేస్తే తోక బరువుతో విమానం చేతికి లొంగదు. ఇంకోటి, ఎలివేటర్, ఐలరాన్ల వెనక అంచున రంగు ముద్దగా ఉంటే, ఆ బరువు హింజ్ వెనక పడుతుంది. స్పీడ్‌లో అవి అదిరే ప్రమాదం పెరుగుతుంది. ఫ్లట్టర్ అంటాం కదా, అది మొదలైతే క్షణాల్లో ఊడిపోతాయి. అందుకే రంగు వేసేముందు ఒకసారి, వేశాక ఒకసారి తోక భాగాల్ని వంటింటి త్రాసుమీద తూచండి. హింజ్ సందులో రంగు గడ్డకట్టిందేమో కూడా చూడండి, లేకపోతే సర్వో కష్టపడుతుంది.

కబ్ రంగు పసుపు, బాడీ పక్కన నల్లటి మెరుపు గీత. ఈ విమానాలు తయారైన ఊరు అమెరికాలో పెన్సిల్వేనియాలోని లాక్ హేవెన్, ఆ పసుపుకి కూడా ఆ ఊరి పేరే. పసుపుతో చిక్కేమిటంటే, అది కప్పదు. బూడిద ప్రైమర్ మీద వేస్తే ఎన్ని పొరలు వేసినా ఆకుపచ్చ ఛాయ కనపడుతుంది, మీరు ఇంకో పొర వేస్తారు, బరువు పెరుగుతుంది. ముందు పల్చగా తెలుపు వేసుకుంటే పసుపు ఒకటి, మహా అయితే రెండు పొరల్లో తేలిపోతుంది.

మెరుపు గురించి నా అభిప్రాయం చెప్తాను, ఒప్పుకోనివాళ్ళు ఉంటారు. కొత్త కారులా తళతళలాడే స్కేల్ విమానం నాకు బొమ్మలాగే కనిపిస్తుంది. ఆరో వంతు మోడల్‌ని ఐదు మీటర్ల దూరంనుంచి చూడటం అంటే నిజం విమానాన్ని ముప్పై మీటర్ల నుంచి చూసినట్టు. అంత దూరంలో మెరుపు తగ్గుతుంది, రంగు కూడా కొంచెం వెలిసినట్టు ఉంటుంది. అందుకని పసుపులో చిటికెడు తెలుపు కలిపి, పైన సెమీ గ్లాస్ క్లియర్ వేస్తాను. పూర్తి మ్యాట్ మాత్రం గ్లో ఇంజన్‌కి వద్దు. ఆ గరుకులో ఆయిల్ మరక పడితే ఇక వదలదు.

చివరగా వాతావరణం. వానాకాలంలో, ముఖ్యంగా వైజాగ్ లాంటి సముద్రం పక్క ఊళ్ళలో లక్కర్, డోప్ తెల్లబారతాయి. థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు ఉపరితలం చల్లబడి గాల్లో తేమ దానిమీద చేరుతుంది, అదే కారణం. మన ఏప్రిల్, మే నెలల్లో దీనికి ఉల్టా: రంగు గన్ లోంచి బయల్దేరి విమానం చేరేలోపే ఆరిపోయి, ఉప్పుకాగితంలా గరుగ్గా పడుతుంది. పొద్దున్నే ఎండ ముదరకముందు వెయ్యండి, నెమ్మదిగా ఆరే థిన్నర్ వాడండి. నల్లగీత వేసేటప్పుడు మాస్కింగ్ టేప్ అంచుమీద ముందు పసుపే ఇంకోసారి పల్చగా కొట్టండి. టేప్ కిందికి కారేది ఏదైనా ఉంటే ఆ పసుపే కారి సందు మూసేస్తుంది, తర్వాత నలుపు శుభ్రంగా నిలబడుతుంది. నలుపు పూర్తిగా గట్టిపడకముందే టేప్‌ని వెనక్కి మడిచి, మెల్లగా లాగండి. కబ్ తోకమీద పిల్ల ఎలుగుబంటి బొమ్మ, రిజిస్ట్రేషన్ అక్షరాలు ఎలా వెయ్యాలో వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం.