ఇండియా ప్రయాణంలో మీ అమెరికా ఫోను

ఇండియా ప్రయాణం అనగానే మనవాళ్ళు సూట్‌కేసు బరువు పదిసార్లు చూసుకుంటారు. చాకొలెట్లు, విటమిన్ మాత్రలు, మేనల్లుడి బూట్లు, అన్నీ లెక్కే. జేబులో ఉన్న ఫోను సంగతి మాత్రం విమానం దిగాకే గుర్తొస్తుంది. నాకూ అలాగే గుర్తొచ్చింది. అదీ రెండుసార్లు, రెండు రకాలుగా.

2011లో ఫ్రాంక్‌ఫర్టులో విమానం మారుతూ, ఇంటికి ఒక మాట చెబుదామని సెల్‌ఫోను ఆన్ చేశాను. గంటసేపు ఆన్‌లోనే ఉంది. ఈమెయిళ్ళు, వాటి అటాచ్‌మెంట్లు తమంతట తామే దిగాయి. నెలాఖరుకి బిల్లు వచ్చింది: 17 మెగాబైట్లకి 340 డాలర్లు!

దాంతో బుద్ధి వచ్చి, 2016లో హైదరాబాదులో దిగగానే అమెరికా సిమ్ము తీసి, కాగితంలో చుట్టి, అత్తయ్యగారింట్లో బీరువాలో పెట్టాను. ఫోనులో ఇండియా సిమ్ము వేసుకున్నాను. నాలుగో రోజు విజయవాడలో నాన్నగారిని ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. కౌంటరు దగ్గర నా కార్డు పనిచేయలేదు. "ఈ ఖర్చు చేస్తున్నది మీరేనా?" అని బ్యాంకు అడిగిన మెసేజి నా అమెరికా నంబరుకి వెళ్ళింది. ఆ నంబరేమో బీరువాలో ఉంది. ఆ రాత్రి బాబాయి డబ్బు కట్టబట్టి గండం గడిచింది.

మొదటిసారి అన్నీ తెరిచిపెట్టి నష్టపోయాను, రెండోసారి అన్నీ మూసేసి ఇబ్బందిపడ్డాను. నంబరు వేరు, డేటా వేరు అని అప్పటికి నాకు అర్థం కాలేదు. నంబరుని అమెరికాదే ఉంచుకుని, డేటా మాత్రం ఇండియాలో కొనుక్కోవాలి. ఎందుకో తెలియాలంటే రోమింగ్‌లో లోపల ఏం జరుగుతుందో చూడాలి.

ఖాతా ఎవరిది?

ప్రతి సిమ్ములోనూ ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. దాని మొదటి మూడు అంకెలు దేశాన్ని చెబుతాయి. ఇండియాకి 404, 405. అమెరికాకి 310తో మొదలుకొని కొన్ని ఉన్నాయి. శంషాబాదులో మీరు ఫోను ఆన్ చేయగానే అక్కడి నెట్‌వర్కు ఆ అంకెలు చూసి "ఈయన మనవాడు కాదు" అని గ్రహించి, అమెరికాలోని మీ కంపెనీని అడుగుతుంది. వాళ్ళు సరేనంటే లోపలికి రానిస్తుంది. ఇక్కడినుంచి వ్యవహారం పక్కూరి కిరాణా కొట్టులో అరువు లాంటిది. సరుకు వాళ్ళిస్తారు, ఖాతా మీ ఊరి షావుకారుకి వెళ్తుంది, ఆయన తన లాభం కలిపి మీకు బిల్లు వేస్తాడు.

న్యూజెర్సీ మిత్రుడు మీ నంబరుకి ఫోను చేస్తే ఆ కాల్ ముందు అమెరికా కంపెనీకి చేరుతుంది, అక్కడినుంచి ఇండియాకి వస్తుంది. మిత్రుడికి అది లోకల్ కాలే. సముద్రం దాటిన భాగం మాత్రం మీ లెక్కలో పడుతుంది. మీరు ఎత్తకపోతే, వాయిస్ మెయిల్ కోసం ఆ కాల్ మళ్ళీ అమెరికాకి తిరిగి వెళ్తుంది. దానికి కూడా ఛార్జి వేసే ప్లాన్లున్నాయి.

డేటా కథ ఇంకా విచిత్రం. రోమింగ్‌లో మీ డేటా సాధారణంగా ఒక టన్నెల్ ద్వారా అమెరికాలోని మీ కంపెనీ గేట్‌వేకి వెళ్ళి, అక్కడినుంచే ఇంటర్నెట్‌లోకి ప్రవేశిస్తుంది. అమీర్‌పేటలో కూర్చుని తెలుగు పేపరు తెరిచినా ఆ పేజీ అమెరికా చుట్టి రావలసిందే. కొన్నిసార్లు పేజీలు నింపాదిగా తెరుచుకోవడానికి ఇదొక కారణం.

అయితే ధర అంతా ఈ దూరానిదే అనుకోకండి. 2017 జూన్ 15 నుంచి ఐరోపా యూనియన్ తమ దేశాల మధ్య రోమింగ్ అదనపు ఛార్జీలను తీసేయించింది. టవర్లు అవే, తీగలు అవే. మారినవి కంపెనీల మధ్య ఒప్పందాలూ, వాటి మీద నిబంధనలూ. 2013లో టీ-మొబైల్ వందకు పైగా దేశాల్లో, వేగం తక్కువే అయినా, విడిగా ఛార్జి లేని డేటా ఇవ్వడం మొదలుపెట్టింది. కాబట్టి మీ ప్లాన్‌లో ఇప్పటికే ఏముందో చూడకుండా కొత్తది కొనకండి. రోజువారీ పాసులు వారం లోపు ప్రయాణానికి ఫరవాలేదు. రోజుకి 12 డాలర్ల పాసు మూడు వారాలకి 252 డాలర్లవుతుంది.

రెండు నంబర్లు, ఒకే ఫోను

ఇప్పటి ఫోన్లలో రెండు సిమ్ములు ఒకేసారి పనిచేస్తాయి. నేను 2016లో పడిన ఇబ్బందికి ఇదే మందు. అమెరికా సిమ్ము ఆన్‌లో ఉంచి, దాని డేటా రోమింగ్ ఆపేయండి. మెసేజి అందుకోవడానికి చాలా అమెరికా కంపెనీలు విడిగా ఏమీ తీసుకోవు. బయలుదేరేముందు మీ కంపెనీతో ఈ ఒక్క విషయం ఖరారు చేసుకోండి. బ్యాంకు పంపే కోడ్ అందుతుంది, బిల్లు పెరగదు.

రెండో సిమ్ముకి రెండు దారులు. ఒకటి, ట్రావెల్ ఈ-సిమ్. ఇంట్లో వైఫై ఉండగానే ఎక్కించుకోవచ్చు. అయితే వీటిలో చాలావాటికి డేటా తప్ప ఇండియా నంబరు రాదు. రెండోది, అక్కడి కంపెనీ సిమ్ము. పాస్‌పోర్టు, వీసా లేదా ఓసీఐ కార్డు, ఫోటో, ఇండియాలో ఉండే చిరునామా దగ్గర ఉంచుకోండి. పది రోజులు మించి ఉండేవాళ్ళకి ఇదే మేలు. క్యాబ్ డ్రైవరు మీకు ఫోను చేయాలన్నా లోకల్ నంబరు కావాలి కదా!

ఇక్కడ రెండు చిక్కులున్నాయి. వాయిదాల మీద కొన్న ఫోను మీ కంపెనీకి లాక్ అయి ఉంటే వేరే సిమ్ము ఒప్పుకోదు. కంపెనీ షరతులు తీరాక అన్‌లాక్ అడగవచ్చు. కానీ విమానాశ్రయంలో నిలబడి అడిగే పని కాదది. రెండోది, 2022లో ఐఫోన్ 14 నుంచి అమెరికాలో అమ్మిన ఐఫోన్లలో సిమ్ము పెట్టే ట్రేనే లేదు. తమ్ముడు ప్రేమగా తెచ్చిచ్చిన ప్లాస్టిక్ సిమ్ము వాటిలో పట్టదు. ఈ-సిమ్మే అడగాలి.

వైఫై కాలింగ్

ఇది ఇంట్లో ఉండగానే ఆన్ చేసుకోండి. ఫోను ఇంటర్నెట్ మీదుగా నేరుగా మీ అమెరికా కంపెనీకి టన్నెల్ కడుతుంది. మధ్యలో ఇండియా టవరు ప్రమేయం ఉండదు కనుక, అమెరికా నంబర్లకి చేసే కాల్స్‌ని చాలా కంపెనీలు అమెరికాలోనే ఉన్నట్టు లెక్కిస్తాయి. ఐఫోన్లలోనూ, కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ రెండో సిమ్ము డేటా మీద కూడా ఇది నడుస్తుంది. ఇండియా నంబర్లకి మాత్రం దీనితో చేయకండి. అది అంతర్జాతీయ కాల్ కిందే పడవచ్చు.

కోడ్ కోసం సిమ్ము మీదే ఆధారపడాలా?

అక్కర్లేదు. మీ బ్యాంకు ఒప్పుకుంటే అథెంటికేటర్ యాప్‌కి మారండి. యాప్‌కీ, బ్యాంకు సర్వరుకీ ఒకే రహస్య కీ ఉంటుంది. ఆ కీనీ, అప్పటి సమయాన్నీ కలిపి రెండుచోట్లా ఒకే లెక్క కడతారు. సాధారణంగా ముప్ఫై సెకన్లకోసారి కొత్త కోడ్ వస్తుంది. దానికి సిగ్నలు అక్కర్లేదు, సిమ్ము అక్కర్లేదు. ఫోను గడియారం సరిగ్గా ఉంటే చాలు.

తిరుగు ప్రయాణంలో ఇదే చిక్కు తిరగబడుతుంది. ఇండియా బ్యాంకు కోడ్లు ఇండియా నంబరుకి వస్తాయి. అందుకే అక్కడే ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించి, కనీస రీఛార్జి ఆగకుండా చూసుకోండి. వాడకుండా వదిలేసిన నంబరు కొన్నాళ్ళకి ఇంకొకరికి పోవచ్చు. యూపీఐకి మాత్రం కొంత వెసులుబాటు ఉంది. 2023 జనవరిలో ఎన్‌పీసీఐ, అమెరికాతో సహా మొదటి విడతగా పది దేశాల నంబర్లని ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ ఖాతాలకి వాడుకోవడానికి అనుమతించింది. మీ బ్యాంకు ఇస్తోందో లేదో కనుక్కోండి.

బయలుదేరే వారం ముందు

1. ఫోను అన్‌లాక్ అయి ఉందో లేదో చూసుకోండి.
2. డేటా రోమింగ్, వాయిస్ మెయిల్ ఆపించండి.
3. వైఫై కాలింగ్ ఆన్ చేసి, ఒకసారి పరీక్షించండి.
4. బ్యాంకుకి ప్రయాణం సంగతి చెప్పి, అథెంటికేటర్ పెట్టుకోండి.
5. విమానంలో ఎయిర్‌ప్లేన్ మోడ్ మరవకండి. కొన్ని విమానాల్లో ఉండే నెట్‌వర్కుకి ఫోను తగులుకుంటే ఆ రేట్లు వేరు.

ఈ అయిదింటికీ కలిపి ఒక సాయంత్రం చాలు. మొన్న నాన్నగారి చెకప్‌కి విజయవాడ వెళ్ళినప్పుడు కౌంటరు దగ్గర మళ్ళీ బ్యాంకు అదే ప్రశ్న అడిగింది. ఈసారి మెసేజి చేతిలోని ఫోనుకే వచ్చింది. "అవును, నేనే" అని జవాబిచ్చి, మళ్ళీ కార్డు గీశాను. పక్కన బాబాయి తన పర్సు తీయబోయి ఆగిపోయారు.