రామలింగడి కుళ్లాయి

పిల్లలూ! బడిలో వేషాల పోటీ అని చెప్పిన రోజున మీ ఇంట్లో ఏం జరుగుతుందో నాకు తెలుసు. మీరు పరుగున వచ్చి, "అమ్మా, నాకు వేషం కావాలి!" అంటారు. అమ్మ నాన్న వంక చూస్తుంది. నాన్న తన జేబు వంక చూసుకుంటాడు. అద్దె దుస్తులంటే డబ్బు కావాలి గదా!

డబ్బు లేకుండా మంచి వేషం ఎలా కట్టవచ్చునో ఒక అమ్మాయి నాకు నేర్పింది. అంతకు ముందు నేను ఆమెకు చేసిన అన్యాయం కూడా చెబుతాను, వినండి.

నేను ప్రధానోపాధ్యాయుడుగా ఉన్న ఒక బడిలో, నవంబరు 14న, బాలల దినోత్సవం నాడు వేషాల పోటీ పెట్టాము. నేనే న్యాయనిర్ణేతను. ధర్మవరంలో మగ్గం నేసే ఒకాయన కూతురు, ఆరో తరగతి పిల్ల, తెనాలి రామలింగడి వేషంలో వచ్చింది. మోకాళ్ళ దాకా తెల్లని అంగీ, నడుముకు జరీ అంచు, తలమీద జానెడుకు పైగా పొడుగున్న టోపీ. నాకు నవ్వు వచ్చింది. పుస్తకాల బొమ్మలలో రామలింగడికి పిలకో, తలపాగాయో ఉంటుంది గాని ఈ టోపీ ఏమిటి? మార్కులు తగ్గించాను. అద్దెకు తెచ్చిన తళతళలాడే కిరీటానికి బహుమతి ఇచ్చాను.

సాయంత్రం ఆ పిల్ల నా గదికి వచ్చింది. "సార్, లేపాక్షిలో అందరూ ఇట్లాంటి టోపీలే పెట్టుకున్నారు గదా! మరి నాది తప్పెట్లా అయింది?" అని అడిగింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి గాని గొంతు మాత్రం గట్టిగానే ఉన్నది.

నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ పిల్లలను లేపాక్షి విహారయాత్రకు తీసుకుపోయినవాణ్ణి నేనే! "వరుసలో నడవండి, వేలాడే స్తంభం చూడండి" అని కేకలు వేస్తూ తిరిగాను. ఆ పిల్ల తల పైకెత్తి కప్పు చూసింది. నేను చూడలేదు.

మరుసటి ఆదివారం హిందూపురంలో బస్సు ఎక్కి, 15 కిలోమీటర్ల దూరాన ఉన్న లేపాక్షికి ఒంటరిగా వెళ్ళాను. వీరభద్రాలయం కప్పు మీద రంగుల చిత్రాలున్నాయి. వాటిని శ్రీకృష్ణదేవరాయల తమ్ముడు అచ్యుతరాయల కాలంలో, అంటే 1529కి, 1542కి నడుమ రాజ్యం జరిగిన రోజులలో వేశారు. గుడి కట్టించిన విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కూడా ఆ చిత్రాలలో ఉన్నారు. ఆ మగవాళ్ళ తలల మీద ఉన్నవి పొడుగాటి టోపీలే!

ఆ టోపీ పేరు కుళ్లాయి. పారశీకంలో టోపీని 'కులాహ్' అంటారు. ఆ మాటే మన దేశానికి వచ్చి కుళ్లాయి అయింది. దాని జోడు కబాయి, అంటే నిలువుటంగీ. విజయనగర కొలువులో ఈ రెండూ ధరించటం మర్యాద. తిరుమల గుడిలో రాయలవారి కంచు విగ్రహం తలమీద కూడా పొడుగాటి టోపీయే ఉన్నది. 1565 యుద్ధం తరవాత రాజధాని మన పెనుకొండకే తరలి వచ్చింది. అంటే ఆ పిల్ల కట్టింది మన ఊళ్ళు ఎరిగిన వేషమే.

సోమవారం ప్రార్థన సమయంలో అందరి ఎదుటా, "తప్పు నాది, ఒప్పు ఈ అమ్మాయిది" అని చెప్పాను. మరుసటి ఏడు నుంచి కొత్త నియమం పెట్టాను: అద్దె వేషం పనికిరాదు, ఇంట్లో చేసిన వేషం కట్టి, దాన్ని ఎలా చేశారో, ఎక్కడ చూసి చేశారో చెప్పాలి.

ఇక మీరూ చేద్దురుగాని, రండి.

కుళ్లాయి: నుదుటి మీదుగా, చెవులకు పైగా టేపు చుట్టి తల కొలవండి. 52 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం. అతుకు కోసం 3 కలిపితే 55. దాన్ని 7తో గుణించి 11తో భాగించండి, 35 వస్తుంది. వార్తాపత్రిక కాగితాన్ని పూర్తిగా పరచండి. దారం కొసకు పెన్సిలు కట్టి, 35 సెంటీమీటర్ల దగ్గర రెండో కొసను కాగితం మూలన వేలితో అదిమిపట్టి, ఒక అంచు నుంచి రెండో అంచు దాకా గీత గీయండి. కాగితం మూల లంబకోణం గనుక మీకు సరిగ్గా పావు వృత్తం వస్తుంది. దాని వంపు పొడవు 55 సెంటీమీటర్లే! ఎందుకో మీ లెక్కల మాస్టారిని అడగండి.

ఇలాంటి ముక్కలు మూడు కత్తిరించండి. వార్తాకాగితాన్ని ఒకసారి నిలువునా, ఒకసారి అడ్డంగా చింపి చూడండి. ఒకవైపు తిన్నగా చిరుగుతుంది, రెండోవైపు వంకరటింకరగా చిరుగుతుంది. యంత్రంలో కాగితం తయారయ్యేటప్పుడు నారపోగులు చాలావరకు ఒకే దిక్కుకు సాగటమే అందుకు కారణం. అందుచేత మధ్య ముక్క పోగులు అడ్డంగా వచ్చేట్టు తిప్పి, మైదాపిండి ఉడికించిన బంకతో మూడూ అంటించండి. అప్పుడు ఎటు లాగినా చిరగదు. తడి సగం ఆరగానే పొట్లంలా చుట్టి, అతుకు అంటించి, ఒక రోజు నీడన ఆరబెట్టండి. ఎవరి కంటికీ గుచ్చుకోకుండా కొస కత్తిరించి గుండ్రటి అట్టముక్క అతికించండి. పైన ఎర్రగుడ్డ, చుట్టూ పాత పట్టుచీర అంచు వేయండి. లోపల నుదురు తగిలేచోట మెత్తటి నూలుగుడ్డ కుట్టండి, చెమట పీలుస్తుంది.

కబాయి: నాన్నగారి పాత తెల్ల లాల్చీ చాలు. చేతులు మడిచి టాకాలు వేస్తే మళ్ళీ విప్పుకోవచ్చు. నడుముకు చీర అంచు చుట్టండి.

హారం: ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేస్తారు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. తోలుబొమ్మల నగలకు రాళ్ళుండవు, సన్నని చిల్లులుంటాయి. వెనక దీపం పెట్టగానే అవే రత్నాలవుతాయి. మీరూ అట్టను హారంగా కత్తిరించి, చెక్క మీద పెట్టి, పెద్దవాళ్ళ చేత మేకుతో చిల్లులు పొడిపించండి. వెనక పసుపుపచ్చ మెరుపు కాగితం అతికిస్తే తళుక్కుమంటుంది.

మీసం కాటుకతో దిద్దుకోండి. జిగురు మీసం వద్దు, చర్మం మండుతుంది.

తల్లిదండ్రులకు ఒక మనవి. పని అంతా మీరే చేసి పెట్టకండి. అతుకు వంకరగా వచ్చినా ఫరవాలేదు. కొలిచిందీ, కత్తిరించిందీ పిల్లవాడే అయితే, వేదిక ఎక్కినప్పుడు వాడి గొంతు వణకదు.

ఆ అమ్మాయి తన కుళ్లాయిని బడికే ఇచ్చింది. నేను పదవీ విరమణ చేసేదాకా అది నా గది బీరువా మీదనే ఉన్నది.

పిల్లలూ, మీరు లేపాక్షి వెళ్ళినప్పుడు వేలాడే స్తంభం కింద గుడ్డ లాగి చూడండి, తప్పులేదు. ఆ తరవాత మాత్రం తల పైకెత్తండి.