బండల సందుల్లో కలుపుకు మందెందుకు? మరిగే నీళ్లు, మంట, ఎండ – శ్రీనగర్ కాలనీలో ఒక వేసవి ప్రయోగం

పొలంలో కలుపు గురించి మనం చాలాసార్లు మాట్లాడుకున్నాం. ఈసారి పొలం కాదు, బాట. హైదరాబాద్ శ్రీనగర్ కాలనీలో మేముండే అపార్ట్‌మెంట్ వెనక 40 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఉన్న షాబాద్ బండల దారి ఉంది. వీడియోలో మొదట కనపడేది అదే. దానికి ఒక పక్క కాంపౌండ్ గోడ, ఇంకో పక్క నేను నాలుగేళ్లుగా జీవామృతం పోసి కూరగాయలు పండిస్తున్న మడులు. బండల సందుల్లో గరిక, తుంగ, రెడ్డివారి నానబాలు, పులిచింత, గంగవాయిలి, గోడ వారగా వయ్యారిభామ. వాన పడిన పది రోజులకే బండలు కనపడవు.

"మీరు ప్రకృతి వ్యవసాయం అంటారు, కలుపును శత్రువు అనొద్దంటారు, మరి దీన్ని చంపడం దేనికి?" అని మీరు అడగొచ్చు. పొలంలో అయితే కోసి ఆచ్ఛాదనగా పరిచేస్తాం, నిజమే. కానీ ఈ దారిన 80 ఏళ్ల పెద్దాయన ఒకాయన కర్ర పట్టుకుని రోజూ నడుస్తారు. గడ్డి కింద నాచు పట్టి ఒకసారి జారిపడ్డారు కూడా. అందుకని దారి దారిలాగే ఉండాలి, ఇందులో నాకు వాదన లేదు.

అసలు సంగతి పోయిన ఏడాది వానాకాలంలో జరిగింది. అసోసియేషన్ వాళ్లు ఒక మనిషిని పిలిపించి దారికి కలుపు మందు కొట్టించారు. కొడతారని నాకు ముందురోజే తెలుసు. పొద్దున్నే లేచి నా మడుల మీద తుంపర పడకుండా పట్టాలు కప్పుకున్నాను. అంతా అయ్యాక హాయిగా టీ తాగాను. మర్నాడు ఉదయం ఏడు గంటలకు కిందికి దిగితే, వాచ్‌మన్ భార్య కొంగు నిండా గంగవాయిలి కూర తెంపుకుని వస్తోంది. ఆ దారిలోదే!

"అమ్మా, అది నిన్న మందు కొట్టిన చోటు కదా!" అన్నాను.

"మందా? మాకెవలు జెప్పిండ్రు సార్?" అంది. "వారానికి రెండుసార్లు గీడనే తెంపుకుంట. పప్పుల ఏస్తె పిల్లలు మంచిగ తింటరు."

కొంగు దులిపేసింది. చేతులు సబ్బుతో మూడుసార్లు కడుక్కోమన్నాను. ఆ పూట గండం తప్పింది. కానీ నా వంకాయలకు పట్టా కప్పుకున్న నేను, ఆమెకు ఒక్క మాట చెప్పాలని ఎందుకు అనుకోలేదు? ఆ దారిలో ఆకు కోసుకుని తినేవాళ్లు ఉంటారని నా బుర్రకు తట్టనే లేదు. పాలమూరు నుంచి వచ్చిన వాళ్లకు అది కలుపు కాదు, కూర. పల్లెలో పుట్టిన నాకూ అది కూరే. సిటీకొచ్చి మర్చిపోయాను.

ఏం మందు కొట్టారని అడిగితే ఆ మనిషి డబ్బా చూపించాడు, లేబుల్ చిరిగిపోయి ఉంది. మన దేశంలో బాగా అమ్ముడుపోయే గ్లైఫోసేట్‌నే తీసుకోండి. దానికి అనుమతి ఉన్నది తేయాకు తోటలకు, పంట లేని స్థలాలకు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో దాన్ని 'బహుశా క్యాన్సర్ కలిగించేది' అన్న జాబితాలో పెట్టింది. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఇంకెవరూ దాన్ని వాడకూడదని ఉత్తర్వు ఇచ్చింది. 'పంట లేని స్థలం' అంటే కాగితం మీద మా దారి కూడా అదే. కానీ గంగవాయిలి ఉంది కదా అందులో!

అసోసియేషన్ మీటింగులో నేను ఒక్క వేసవి గడువు అడిగాను. మందు లేకుండా శుభ్రం చేసి చూపిస్తాను, వానలు పడ్డాక కూడా దారి బాగుంటే మందు మాట ఎత్తొద్దు అన్నాను. సరే అన్నారు, బాగాలేకపోతే మందు మనిషిని మళ్లీ పిలుస్తామని షరతు పెట్టారు. అదీ న్యాయమే.

ఇదేం కొత్త పిచ్చి కాదు. నెదర్లాండ్స్‌లో 2016లో పేవ్‌మెంట్ల మీద వృత్తిదారులెవరూ కలుపు మందు కొట్టకూడదని నిషేధం పెట్టారు. ఫ్రాన్స్‌లో 2017 నుంచి పార్కులు, వీధుల్లో రసాయన మందులు బంద్, 2019 నుంచి ఇంటి తోటల్లో కూడా. మరి వాళ్లు వీధులు ఎలా శుభ్రం చేస్తున్నారంటే బ్రష్షులు, మరిగే నీళ్ల బండ్లు, ఆవిరి, గ్యాస్ మంట.

వేడి ఎలా పనిచేస్తుందో ఒక్క ముక్కలో చెప్తాను. గుడ్డు ఉడికితే తెల్లసొన గడ్డకడుతుంది చూడండి, ఆకులోని ప్రొటీన్లకూ అదే గతి. 60 డిగ్రీలు దాటితే కణాల పొరలు చితికి లోపలి నీరు కారిపోతుంది. రెండు మూడు గంటల్లో ఆకు వడిలిపోతుంది. అంటే మొక్కను కాల్చి బూడిద చేయక్కర్లేదు, ఉడికిస్తే చాలు. కానీ వేడి తగిలిన భాగమే చస్తుంది. మందులాగా వేరులోకి దిగదు. మంచీ అదే, చిక్కూ అదే.

మార్చి చివర్లో దారిని పదేసి అడుగుల చొప్పున నాలుగు ముక్కలు చేశాను.

మొదటి ముక్కకు మరిగే నీళ్లు. మూడు ఇటుకల పొయ్యి మీద, ఎండిన కొబ్బరి మట్టలతో 20 లీటర్లు మరిగించి, పొడుగు మూతి ఉన్న టీ కెటిల్‌తో సందుల వెంట పోశాను. బకెట్‌తో కుమ్మరిస్తే నీళ్లు బండ మీద పరుచుకుని క్షణంలో చల్లారిపోతాయి, పని జరగదు. సన్నటి ధార, మొక్క మొదట్లో, ఆగి ఆగి పోయాలి. గ్యాస్ మీద కాస్తే 20 లీటర్లకు సుమారు పావు కిలో గ్యాస్ అవుతుంది, లెక్క వేసుకున్నాను. మేడ మీద సోలార్ హీటర్ నీళ్లు వాడొచ్చు కదా అని మా అబ్బాయి సలహా ఇచ్చాడు. వాడి చూశాం. అవి 60 డిగ్రీలుంటే గొప్ప, కెటిల్‌లో పోసి కిందికి దిగేసరికి స్నానానికి పనికొస్తాయి. గరిక నవ్వుకుంది.

ఫిల్మ్‌నగర్‌లో షూటింగులకు ఇచ్చే ఒక బంగళా తోటమాలి నాకు తెలుసు. అక్కడ వంటవాళ్లు అన్నం వార్చిన గంజిని పొగలు పోకముందే బాట సందుల్లో పోయిస్తాడట. వేరే గ్యాస్ ఖర్చు లేదు. ఇళ్లల్లో కుక్కర్లొచ్చి గంజి మాయమైంది కానీ, హాస్టళ్ల దగ్గర, పెళ్లి వంటల దగ్గర ఇప్పటికీ దొరుకుతుంది. ఒక్కటే చూసుకోండి, ఉప్పు వేసిన నీళ్లు వద్దు. ఉప్పు, వెనిగర్ కలిపి చల్లమని చెప్పే వీడియోలు చాలా తిరుగుతున్నాయి. ఉప్పు మట్టిలో ఉండిపోతుంది, వానకు జారి పక్క మడిలోకి వస్తుంది. ఒక మందు మాని ఇంకో మందు పోసినట్టే.

రెండో ముక్కకు మంట. యూసుఫ్‌గూడలో మేక తలకాయలు, కాళ్లు కాల్చే కుర్రాడి దగ్గర గ్యాస్ గన్ను ఉంటుంది కదా, అతన్ని ఒక గంటకు మాట్లాడుకున్నాను. మొదట అతను తలకాయ కాల్చినట్టే నల్లగా మాడ్చబోయాడు. "అంత వద్దు బాబూ, నడుచుకుంటూ పో" అని ఆపాను. మంట తగిలిన ఆకును రెండు వేళ్ల మధ్య నొక్కితే ముదురు ఆకుపచ్చ వేలిముద్ర పడాలి. పడిందంటే కణాలు పగిలాయి, పని అయిపోయింది. వీడియోలో ఇది దగ్గరగా చూపించాను, తప్పక చూడండి. రెండు, మూడు ఆకుల మొలకలు అప్పటికప్పుడే పోయాయి. గరిక మాత్రం పైకి మాడి, రెండు వారాల్లో పచ్చగా లేచింది. గడ్డి జాతికి మొలిచే కణుపు నేలకు ఆనుకునో లోపలో ఉంటుంది, మంట అక్కడిదాకా పోదు.

మంటతో నాకొక దెబ్బ కూడా తగిలింది. ముందురోజు కడిగిన బండ లోపల తడి ఉంది. వేడికి ఒక పెచ్చు టప్పున లేచి నా పిక్కకు తగిలింది. కంటికి తగిలి ఉంటే? కళ్లద్దాలు, బూట్లు లేకుండా, తడి బండల మీద, ఎండుటాకుల దగ్గర, డ్రిప్పు పైపుల దగ్గర, బండ్లు పెట్టిన చోట మంట ముట్టించకండి. ఇంటి సిలిండర్‌ను దీనికి వాడటం తప్పు కూడా. నా మట్టుకు నేను మళ్లీ మంట జోలికి పోను.

మూడో ముక్కకు ఎండ. ఇది మన రైతులందరికీ పనికొచ్చేది కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. ఇంగ్లీషులో సోలరైజేషన్ అంటారు. 1976లో ఇజ్రాయెల్‌లో కతాన్ అనే శాస్త్రవేత్త బృందం దీని మీద మొదటి ఫలితాలు ప్రచురించింది. మనకు దగ్గర్లోనే, పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో, 1980లలో కంది, శనగ ఎండుతెగులు మీద దీన్ని పరీక్షించారు. తడిపిన నేల మీద పల్చని, పారదర్శకమైన పాలిథిన్ షీటు బిగుతుగా పరిచి, అంచులు మట్టితో మూసి, ఏప్రిల్-మే ఎండల్లో 4 నుంచి 6 వారాలు వదిలేయాలి. నల్ల షీటు వద్దు. నల్లదైతే షీటే వేడెక్కుతుంది. పారదర్శకమైనదైతే ఎండ లోపలికి పోయి నేల వేడెక్కుతుంది, వేడి బయటికి రాదు. తడి ఎందుకంటే, తడి మట్టి వేడిని లోపలికి తీసుకుపోతుంది, తడిసిన గింజ పొడి గింజ కన్నా తొందరగా చస్తుంది.

నేను సందులు బాగా తడిపి షీటు పరిచి, అంచుల మీద ఇసుక సంచులు పెట్టాను. మే మధ్యలో ఒక మధ్యాహ్నం షీటు కింద వంటింటి థర్మామీటర్ పెడితే 58 చూపించింది. ఐదు వారాలకు తీస్తే గరిక గడ్డిపోచలా పెళుసుగా విరిగింది.

కానీ మీ పంట మడుల్లో దీన్ని అలవాటుగా చేయొద్దని నా మాట. వేడి కలుపు గింజను ఒక్కదాన్నే వెతుక్కుంటూ పోదు, పై పొరలో వానపాములు, సూక్ష్మజీవులు కూడా ఉంటాయి. ఎండుతెగులు విపరీతంగా ఉన్న నర్సరీ మడికి ఒకసారి చేసి, తర్వాత ఘనజీవామృతం వేసుకుంటే అది వేరు. మామూలు మడికి ఆచ్ఛాదనే. అసలు మన వేసవి దుక్కి కూడా వేడి వైద్యమే కదా! ఏప్రిల్‌లో దున్ని తుంగ గడ్డల్ని పైకి తీసి ఎండబెట్టేది అందుకే. తుంగ గడ్డ వేడికన్నా ఎండిపోవడానికే ఎక్కువ భయపడుతుంది.

నాలుగో ముక్కలో వేడి లేదు. పాత స్క్రూడ్రైవర్‌తో సందుల్లో మట్టి గీకి, వేళ్లతో సహా తీసి, రాతి పొడి దట్టంగా కూరాను. నాకు రెండు రోజులు నడుం పట్టేసింది.

జూన్‌లో వానలు పడ్డాయి. జూలై మొదటి వారం లెక్క చూస్తే, షీటు వేసిన ముక్క అన్నిటికంటే శుభ్రం, తుంగ పిలకలు 11 మాత్రం లేచాయి. రాతి పొడి ముక్క దాదాపు దానికి సమానం. నీళ్ల ముక్కకు మూడు వారాలకోసారి చొప్పున నాలుగుసార్లు పోశాక గరిక సన్నబడింది, కానీ చావలేదు. మంట ముక్క సంగతి చెప్పక్కర్లేదు, గరిక కార్పెట్. తుంగను నాలుగు ముక్కల్లో ఏదీ చంపలేదు. గడ్డతో సహా తవ్వి తీయాల్సిందే, వేరే దారి నాకు దొరకలేదు.

ఇప్పుడు నేను చేసేది ఇది. వేసవిలో దారి మొత్తానికి షీటు, తీశాక రాతి పొడి, వానాకాలంలో చిన్న మొలకలకు కెటిల్ నీళ్లు. పోసే ముందు చీపురుతో ఊడ్చి, కప్పలు, చీమల పుట్టలు ఉన్నాయేమో చూసుకుంటాను. వేడినీళ్లు నేల మీద పారబోయకూడదని మా నాయనమ్మ ఊరికే అనలేదు. చెట్ల మొదళ్లకు రెండడుగుల దూరం వదులుతాను. పిల్లలు స్కూలుకు పోయాకే పొయ్యి ముట్టిస్తాను. షీటును మడిచి దాచుకుంటే ఇంకో వేసవికి వస్తుంది, ముక్కలయ్యేదాకా ఎండలో వదిలేస్తే ఆ ప్లాస్టిక్ ముక్కలు మడిలోనే కలుస్తాయి, అది ఇంకో తలనొప్పి.

జూలై మీటింగులో పెద్దాయన కర్ర పట్టుకుని దారి ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచి వచ్చి, "మంట పెట్టినచోట తప్ప బాగుంది" అన్నారు. మందు కాంట్రాక్టు ఈ ఏడాదికి ఆపారు. వచ్చే ఏడాది మళ్లీ చూస్తారట.

గోడ మూలన మూడడుగులు మాత్రం నేను నీళ్లు పోయను. "సార్, గా మూల ఇడిచిపెట్టుండ్రి, గంగవాయిలి మంచిగొస్తుంది" అని ఆమె ముందే చెప్పింది. పోయిన ఆదివారం మాకూ ఒక కట్ట ఇచ్చింది. తుంగ గడ్డలు తవ్వే పద్ధతి మీద వచ్చే వారం వీడియో పెడతాను. మీ ఊళ్లో కళ్లాల మీద, పశువుల కొట్టాల ముందు కలుపుకు ఏం చేస్తున్నారో రాయండి.