జాయపసేనాని

కృష్ణానది రెండు పాయలుగా చీలి సముద్రమున గలియుచోట దివిసీమ కలదు. ఒకవైపు కడలి, తక్కిన వైపుల నదీజలము. నేడు వంతెనలున్నవి గాని, పూర్వకాలమున పడవ యెక్కనిదే ఆ దీవిని విడుచుటకు వీలులేకుండెను. పండ్రెండవ శతాబ్దము చివరి భాగమున ఈ సీమను అయ్య వంశమువారు పాలించుచుండిరి. ఆ వంశమున పినచోడి యను ప్రభువునకు జన్మించినవాడు జాయప. సాధారణముగా నైనచో, అతడును తండ్రివలె ఆ దీవిలోనే పెరిగి, ఆ దీవినే యేలి, అక్కడనే కాలము చేసియుండును. కాని యొక యుద్ధము అతని జీవితమార్గమును మార్చినది.

1199వ సంవత్సరమున కాకతీయ గణపతిదేవుడు ఓరుగల్లు సింహాసనము నధిష్ఠించెను. కొలది కాలమునకే అతడు తీరాంధ్రముపై దండెత్తి, వెలనాటిని, దివిసీమను జయించెను. గెలిచిన రాజు ఓడిన వంశమును నిర్మూలింపలేదు. పినచోడి కుమార్తెలగు నారాంబను, పేరాంబను వివాహమాడి, వారి సోదరుడైన జాయపను తన కొలువున జేర్చుకొనెను. అతని బుద్ధికుశలతను గుర్తించి గజసాహిణి పదవి నొసగెను. గజసాహిణి యనగా ఏనుగుల దళమునకు అధిపతి. ఓడలు తిరుగు తీరమున పుట్టినవాడు ఏనుగులను నడపు సేనాని యయ్యెను!

దివిసీమ చేజిక్కుటతో కాకతీయులకు సముద్రద్వారము తెఱువబడెను. ఆ కాలమున ఓడప్రయాణము ప్రాణములతో చెలగాటము వంటిది. తుపానునకు చిక్కిన ఓడ ఒడ్డునకు కొట్టుకొనివచ్చినచో, అందలి ఏనుగులను, గుఱ్ఱములను, రత్నములను ఆ తీరమునేలు రాజు అపహరించుట ఆచారముగా నుండెను. సముద్రుడు విడిచిన వర్తకుని రాజు విడుచుట లేదన్నమాట. గణపతిదేవుడు 1244వ సంవత్సరమున మోటుపల్లి రేవులో శాసనము వేయించి ఆ దురాచారమును తొలగించెను. ప్రాణములకు తెగించి సముద్రయానము చేయువారికి ధనము ప్రాణముకంటె ప్రియమైనదని తలచి, నియమితమైన సుంకము తప్ప మఱేమియు గైకొనమని అందు అభయ మిచ్చెను. ఎగుమతి దిగుమతులపై ఆ సుంకము ముప్పదింట నొకవంతు మాత్రమే. ఇది నేటికిని మోటుపల్లి అభయశాసనమని ప్రసిద్ధి చెందియున్నది.

గుంటూరు జిల్లాలోని చేబ్రోలున జాయప శాసనమొకటి కలదు. అది 1213వ సంవత్సరము నాటిది. అక్కడ అతడు తన తండ్రి పేర చోడేశ్వరాలయమును నిర్మించెను. సరిగా ఆ సంవత్సరముననే ఓరుగల్లునకు సమీపమున, పాలంపేటలో, రేచర్ల రుద్రుడు రామప్ప దేవాలయమును ప్రతిష్ఠించెను. ఆ గుడి చూరుక్రింద నల్లరాతితో మలచిన మదనికల బొమ్మలు నేటికిని నాట్యమాడుచున్నట్లే కనబడును. 2021వ సంవత్సరమున యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ కట్టడముగా గుర్తించినది.

కాకతీయుల కొలువున జాయపకు లభించినది పదవి మాత్రమే కాదు. గణపతిదేవుడు అతనికి గుండామాత్యుడను విద్వాంసునిచే నృత్యశాస్త్రమును నేర్పించెను. చేబ్రోలు శాసనము వెలసిన నలుబది యేండ్లకు, అనగా 1253-54 ప్రాంతమున, జాయప నృత్తరత్నావళి యను సంస్కృత గ్రంథమును రచించెను. అంకుశము పట్టించు పదవిలో నున్నవాడు గంటము చేతబూనెను. అప్పటికి అతని యౌవనము గడచిపోయినది. అయినను శాస్త్రముపై మక్కువ తగ్గలేదు.

నృత్తరత్నావళిలో ఎనిమిది అధ్యాయములు గలవు. మొదటి నాలుగింట భరతముని చెప్పిన మార్గపద్ధతి వివరింపబడినది. తక్కిన నాలుగింట దేశిపద్ధతి వర్ణింపబడినది. దేశి యనగా ఆయా ప్రాంతముల జనులు తమ తమ రీతుల నాడుకొను నృత్యము. పేరణి, ప్రేంఖణము, రాసకము, చర్చరి, కోలలతో నాడు దండరాసకము, బంతితో నాడు కందుకనృత్తము, చిందు, గొండలి మొదలగు వానిని అతడు శ్రద్ధతో వివరించెను. జనుల ఆటపాటలు శాస్త్రమునకు తగవని అతడు త్రోసిపుచ్చలేదు. గ్రంథమున సగభాగము వానికే యిచ్చుటలో అతని పెద్దమనసు తెలియుచున్నది.

నృత్యము వింతయైన కళ. శిల్పి చనిపోయినను శిల్పము నిలుచును. నర్తకుడు ఆట ముగించి నిలిచినచో ఆ కళ యక్కడనే అదృశ్యమగును. ఒకరినుండి మఱియొకరు నేర్చుకొనుట మానిరేని, మూడు తరములలో దాని జాడయే మిగులదు. అట్టిదానిని నిలుపగలిగినది వ్రాత యొక్కటే.

1323వ సంవత్సరమున ఢిల్లీ సేనలకు ఓరుగల్లు వశమయ్యెను. కాకతీయ సామ్రాజ్యము అంతరించినది. గజదళములు పోయినవి. ఓడలతో కళకళలాడిన మోటుపల్లి చిన్న పల్లెగా మిగిలినది. పురుషులు వీరావేశముతో నాడు పేరణి సయితము కాలక్రమమున మఱుగుపడినది. కాని గ్రంథము నశింపలేదు. వి. రాఘవన్ పండితుడు పరిష్కరించిన నృత్తరత్నావళి 1965వ సంవత్సరమున మద్రాసులో అచ్చయినది. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు దానిని తెనిగించిరి. నటరాజ రామకృష్ణగారు జాయప వ్రాతలను, రామప్పగుడి శిల్పములను ప్రక్కప్రక్కన నుంచుకొని పరిశోధించి, పేరణికి మరల ప్రాణము పోసిరి. 1985వ సంవత్సరమున మహాశివరాత్రినాడు రామప్ప సన్నిధిని పేరణి ప్రదర్శింపబడినది. ఏడువందల యేండ్లకు పూర్వము తాళపత్రములపై కెక్కిన అడుగులు మరల నేలపై మ్రోగినవి.

జాయప జీవితమున మూడు దశలు కనబడుచున్నవి. ప్రభువు కుమారుడగుట పుట్టుకచే కలిగినది. సేనాని యగుట రాజానుగ్రహముచే లభించినది. గ్రంథకర్త యగుట మాత్రము తన కృషిచే సాధించుకొన్నది. మొదటి రెండును కాలగర్భమున కలిసిపోయినవి, మూడవది నిలిచినది. బ్రతుకుతెరువునకై మానవుడు చేయు పని పరిస్థితులనుబట్టి మారవచ్చును. పుట్టిన యూరు విడువవలసి రావచ్చును, ఎఱుగని విద్య నేర్వవలసి రావచ్చును. అందులకు క్రుంగిపోక, నేర్చినదానిని ప్రేమించి, తరువాతివారికి అందించువాని జీవితము వ్యర్థము కాదు. జాయపను లోకము నేటికిని సేనాని యనియే పిలుచుచున్నది; కాని తలచుకొనునది అతని యుద్ధములను గాదు, అతని పుస్తకమును.