మ్యూజియంలో పెళ్లి

ఆషాఢం రాకముందే, జూన్‌లో, మా అక్క పెళ్లి. ఎక్కడంటారా? అమెరికాలో, మిల్వాకీ ఆర్ట్ మ్యూజియంలో! ఒంటరిగా ఉన్న తొలి ఏడాది ఆదివారాలన్నీ అక్కడే గడిపిందట.

"అగ్నిసాక్షి లేని పెళ్లేమిట్రా? నేను రాను" అన్నారు నాన్న.

2001లో పూర్తయిన కలట్రావా భవనం అది. ఎండను ఆపే దాని రెక్కల వెడల్పు 217 అడుగులు. గాలి గంటకు 23 మైళ్లు దాటితే వాటంతటవే ముడుచుకుంటాయి. మన పందిళ్లకు ఆ తెలివేదీ!

ఇక అగ్ని సంగతి. హోమం పొగలోని మసి చిత్రాలపై పేరుకుంటుంది. తేమ హెచ్చుతగ్గులకు కాన్వాసు సాగి, ముడిచి, రంగు బీటలు వారుతుంది. తలంబ్రాల బియ్యం మూలల్లో మిగిలితే పురుగు చేరుతుంది.

"మన విత్తనాల గదిలాగే, నాన్నా" అన్నాను.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "సరే, పొద్దున ఇంటి పెరట్లో ముహూర్తం, హోమం. సాయంత్రం అక్కడ విందు పెట్టుకోమను" అన్నారు.

మర్నాడే పాస్‌పోర్టుకు ఫోటో దిగారు.